మోకాలికీ గుండెకీ ముడి

కఫర్ తూత్,
2018 మార్చి 8, గురువారం.

'వదినా' అని పిలవాల్సిన నేను, ఇన్నేళ్ళుగా పేరు పెట్టి కూడా పిలవని ముంతహాకు,

నజ్లా నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నీకూ, నీ చెల్లెలికీ, మీ గడపలో అడుగుపెట్టే ప్రతివారికీ దేవుడి శాంతి కలగాలి. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం ఉత్తరాల మర్యాద. ఈసారి ఆ మర్యాద పాటించలేను. మేం కులాసాగా లేము. చాలా ఏళ్ళుగా లేమని, ఆ సంగతి మాకే తెలియలేదని ఈ చలికాలంలో బయటపడింది.

నీ ఫోన్ నంబరు సంపాదించాను. నొక్కి, మోగకముందే ఆపేశాను. నా గొంతు వినగానే నువ్వు పెట్టేస్తే చెప్పాల్సింది నాలోనే ఉండిపోతుందని భయం. కాగితమైతే చింపేముందు ఒక్క వాక్యమైనా కంట పడుతుంది. అందుకని ఆ వాక్యం ముందే రాసేస్తున్నాను.

మా అన్నయ్య ఫారెస్ విషం వల్ల చనిపోలేదు. నువ్విచ్చిన కాఫీలో కాఫీ తప్ప ఏమీ లేదు.

ఇక మిగతాది చదివినా మానినా నీ ఇష్టం. చదువుతానంటే ఈ సంగతి నాకెలా తెలిసిందో మొదటినుంచీ చెబుతాను.

ఇదంతా నా మోకాలితో మొదలైంది. కిందటేడు ద్రాక్ష కోతలయ్యాక కుడి మోకాలు బుంగలా వాచింది. చర్చి మెట్లు ఎక్కలేను, కూర్చుంటే లేవలేను. కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగిపోయిందనుకున్నాను. యాభై దాటినదానికి మోకాలు నొప్పి వింతా? మా ఆయన తానియూస్ సంగతి నీకు తెలియదు కదా, నువ్వు వెళ్ళిపోయిన మరుసటి ఏడు జరిగింది మా పెళ్ళి. మంచివాడే గాని నోరు ఊరుకోదు. "వారం వారం దేవుడి ముందు మోకాళ్ళేసి నా మీద చాడీలు చెబుతావుగా, విని విని ఆయనకే విసుగొచ్చింది" అన్నాడు. అంటూనే కారు తీసి బీరూట్ తీసుకెళ్ళాడు.

అక్కడ కీళ్ళ డాక్టరు ఒకావిడ ఉంది. డాక్టర్ సలామే. మా చిన్న చెల్లెలు వదాద్ కంటే చిన్నదిగా కనిపిస్తుంది. మోకాలు చూస్తుందనుకుంటే మేజోళ్ళు విప్పమంది. మడమ వెనక నరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అక్కడ నాకు గట్టి ముద్దలా ఉంటుంది, బూట్లు కొనుక్కోవాలంటే అదే అవస్థ. ఇదెప్పటినుంచి అని అడిగింది. మా వంశంలో చాలామందికి ఉంటుందమ్మా, మా నాన్నకీ ఉండేది, ఊళ్ళో మమ్మల్ని గట్టి కాళ్ళవాళ్ళంటారు అని నేను కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. మీ నాన్న ఎవరు, అమ్మ ఎవరు, వాళ్ళకేమైనా చుట్టరికం ఉందా, అన్నదమ్ములెంతమంది అని మొదలుపెట్టింది. తానియూస్ ఊరుకుంటాడా?

"ఏమమ్మా డాక్టరమ్మా, మోకాలు చూడమంటే ఏడు తరాలు అడుగుతున్నావు. మీ ఇంట్లో ఎవరైనా పెళ్ళికొడుకున్నాడా? ఈవిణ్ణి మాత్రం ఇవ్వను, వంట బాగా చేస్తుంది" అన్నాడు. తర్వాత నా చెవిలో, మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతోందని గొణిగాడు. ఆవిడకి వినబడింది.

"బోడిగుండుకి కాదండీ, గుండెకి" అంది.

నా మోకాల్లోంచి సూదితో నీరు తీసి, భూతద్దం కింద పెట్టి నన్నే చూడమంది. నానబెట్టిన శనగల్లా ఉబ్బిన గింజలేవో కనిపించాయి. అవి ఒంటికి కాపలా కాసే కణాలట. రక్తంలో కొవ్వు హద్దు మీరితే దాన్ని మింగి మింగి అలా ఉబ్బిపోతాయట. అలాంటివి కీలులో చేరితే కాపలా మానేసి మంట పెడతాయట. రెండెముకల మధ్య ఉండే మెత్తని పొర ఆ మంటకి అరిగిపోతుందట. అయితే నేను నెయ్యి మానేస్తానన్నాను. తిండి వల్ల వచ్చే కొవ్వు వేరు, కొందరికి పుట్టుకతోనే, తల్లిదండ్రుల దగ్గరనుంచే వస్తుంది అని చెప్పింది. ఆవిడ చేస్తున్న పరిశోధన కూడా అదేనట. మోకాళ్ళు అరిగినవాళ్ళ కుటుంబాల్లో రక్తం తీసుకుని, వంశంలో వచ్చే ఈ కొవ్వుకీ, ఆ కాపలా కణాలకీ, మోకాలికీ మధ్య సంబంధాలు వెతుకుతోంది. కొన్ని సంబంధాలు గట్టిగా నిలబడుతున్నాయి, కొన్ని చెయ్యి వెయ్యగానే తెగిపోతున్నాయి, మోకాలి విషయం ఇంకా పూర్తిగా తేలలేదు అని దాపరికం లేకుండా చెప్పింది. "గుండె విషయం మాత్రం ఎప్పుడో తేలిపోయింది" అంది.

రక్తపరీక్ష ఫలితం కోసం రెండోసారి వెళ్ళాం. ఉండాల్సినదానికి మూడింతలుంది కొవ్వు. ఆ కాగితం పక్కన పెట్టి, మీ ఇంట్లో చిన్న వయసులో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఒక్కడేనమ్మా, మా అన్నయ్య. అతనిది విషం లెండి" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "విషమని ఎవరు తేల్చారు?"

నోరు తెరిచాను. ఏ డాక్టరు పేరైనా, ఏ పోలీసు పేరైనా వస్తుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు.

"మా అమ్మ" అన్నాను.

ముంతహా, ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫారెస్ ఆదివారం మీ ఇంట్లో భోంచేశాడు, నీ చేతి కాఫీ తాగాడు, ఇంటికొస్తూ మిల్లు మలుపులో పడిపోయాడు. మాకు తెలిసింది అంతే. యుద్ధం రోజులు, దారులన్నీ మూసేసి ఉన్నాయి, కోసి చూసేవాళ్ళెవరు? మర్నాడు శవపేటిక దగ్గర అమ్మ నీ వైపు వేలు చూపించి, కాఫీలో కలిపి ఇచ్చింది నువ్వేనంది. ఆ వేలు వెనకే ఊరంతా వచ్చింది. నీకు జహ్లేలో ఎవడో ఉన్నాడని కొందరన్నారు. ఆ తెల్లారి మీ నాన్న రొట్టెల పొయ్యి దగ్గరికి ఒక్కరు కూడా పిండి పట్టుకురాలేదు. ఆయన పొయ్యి రగిలించి, మధ్యాహ్నం దాకా గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీదనుంచి నేను చూశాను. పక్షం తిరక్కుండా మీరు ఊరొదిలి జహ్లే వెళ్ళిపోయారు.

తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మీ తోబుట్టువులూ పిల్లలూ అందరూ రక్తం ఇవ్వాలని డాక్టరు పట్టుబట్టింది. మా పెద్ద చెల్లెలు హింద్‌కి ఏమీ లేదు. వదాద్‌కి నాలాగే. మా అబ్బాయి ఘస్సాన్‌కీ అంతే. వాడికి ఇరవయ్యేడు, ఫారెస్ పోయిన వయసు. కిటికీలకి అద్దాలు బిగించే పని చేస్తాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిచ్చెనల మీదే. ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటోందని, గ్యాసనుకుని సోడా తాగుతున్నానని అప్పుడు చెప్పాడు వెధవ. గుండె డాక్టరు తీగ పంపించి చూస్తే ఒక నాళం దాదాపు పూడిపోయి ఉంది. అక్కడికక్కడే చిన్న జాలీ గొట్టం పెట్టారు. బయటికొచ్చి ఆయన నాతో, ఈస్టర్ దాకా ఆగేది కాదమ్మా అన్నాడు. నా మోకాలు వాచకపోతే నా కొడుకు ఏదో ఒక నిచ్చెన కింద పడి ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళు కాలు జారిందనుకునేవాళ్ళు.

అలా అనుకోగానే నాన్న గుర్తొచ్చాడు. వాల్‌నట్ చెట్టు మీదనుంచి జారి పడి పోయాడని కదా మనందరం చెప్పుకున్నాం. నలభై ఆరేళ్ళ మనిషి, చిన్నప్పటినుంచీ ఎక్కిన చెట్టు. పడి చనిపోయాడా, చనిపోయి పడ్డాడా? ఎవరు చూశారు?

ఫారెస్ ఫోటో తీసి డాక్టరుకి చూపించాను. మీ నిశ్చితార్థం ఫోటోయే. అందులోంచి నిన్ను అమ్మ కత్తెరతో తీసేసింది. కానీ అతని మోచేతి మీద వేసిన నీ చెయ్యి మాత్రం తియ్యలేకపోయింది, అలాగే ఉండిపోయింది. ఈ చెయ్యి ఎవరిదని డాక్టరు అడిగింది. ఆవిడ ఫోటోని పెద్దది చేసి కళ్ళు చూపించింది. నల్లగుడ్డు చుట్టూ తెల్లని అంచు. గుర్తుందా, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టుంటాయి మీ అన్న కళ్ళు అని నాతో చెప్పి సిగ్గుపడేదానివి. మురిసిపోయాం ఆ కళ్ళు చూసి. అది కొవ్వట, ముంతహా. పాతికేళ్ళ పిల్లాడి కంట్లో పేరుకున్న కొవ్వు. మోకాళ్ళ మీదా మోచేతుల మీదా పసుపు రంగు కాయలుండేవా అని అడిగింది. ఉండేవి, రాతిపని చేసేవాడు కదా, మోకాళ్ళ మీద కూర్చుని కాయలు కాచాయనుకునేవాళ్ళం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

మా అమ్మా నాన్నా ఒకే ముత్తాత సంతానం, నీకు తెలుసు. ఇద్దరిలోనూ ఆ లోపం ఉంది. నాకూ వదాద్‌కీ ఒక్కరి వైపునుంచే వచ్చింది. ఫారెస్‌కి ఇద్దరి వైపునుంచీ వచ్చి ఉంటుందట. అలా వస్తే పాతికేళ్ళు దాటడమే కష్టమట, ఆ రోజుల్లో మరీను. "కళ్ళారా చూడని మనిషి గురించి నేను ప్రమాణం చెయ్యలేను. కానీ ఈ కళ్ళకీ ఆ కాయలకీ పక్కన విషాన్ని వెతకాల్సిన పని లేదు" అంది డాక్టరు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. ఇంకోసారి కూడా అడిగాను.

అప్పటినుంచీ మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకరపోతోంది. జహ్లేకి కోడలుగా వెళ్ళిన ఒకమ్మాయి ఆ మధ్య గౌను కుట్టించుకోవడానికి వచ్చి నీ గురించి చెప్పింది. పెళ్ళి చేసుకోలేదట. ఇంటికి ఎవరైనా వస్తే ఇప్పటికీ నీ చేత్తో కాఫీ కలపవట. చెల్లెలు లేకపోతే పండ్లరసం ఇచ్చి పంపేస్తావట. ఆ మాట విన్నప్పుడు, దానికి తగిన శాస్తే అని ఎక్కడో నాలో ఒక మూల అనుకుంది కూడా.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. ఆ మాట అడిగే హక్కు నాకు లేదు. నువ్వు చెయ్యని పని నువ్వు చెయ్యలేదని, మా ఇంటి మనిషి ఒకరు సంతకం పెట్టి నీకు చెప్పాలి. అందుకు రాస్తున్నాను. ఈ కాగితం ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. డాక్టరు రాసిచ్చినదాని నకలు కూడా జతచేస్తున్నాను.

ఒక్కటి మాత్రం వేడుకుంటాను. అమ్మని ద్వేషించకు. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కర్ర లేకపోతే నడవలేదు, ఆమె మోకాళ్ళు నాకంటే ముందే పోయాయి. మొదట రక్తం ఇవ్వమంటే చెయ్యి చాపలేదు, చావబోయేదాని రక్తంతో పనేమిటని విసుక్కుంది. ఘస్సాన్ ఆసుపత్రి నుంచి వచ్చాకే ఇచ్చింది. ఫారెస్ సంగతి చెప్పినప్పుడు ఉపవాసం రోజుల పప్పులో రాళ్ళేరుతోంది. తలెత్తకుండా విని, "డాక్టర్లన్నాక ఏదో ఒకటి చెప్పాలిగా" అంది. పాపం, మింగుడుపడలేదు. చెట్టంత కొడుకు పోతే ఏ తల్లికైనా ఎవరో ఒకరు కావాలి నిందించడానికి. ఎదురుగా నువ్వు కనబడ్డావు. ఆమెకి తెలియదు, ముంతహా. తెలియక అన్న మాట అది.

నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకుంటూ,

నీకు ఆడపడుచు కావలసిన
నజ్లా

తా.క. ఆదివారం, మార్చి 11.

జహ్లే వెళ్ళే టాక్సీ అతను సోమవారం గాని బయల్దేరనన్నాడు. అందుకని ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మ గురించి పైన రాసింది నిజం కాదు. రాసేటప్పుడు నేను నమ్మాను. కొట్టేద్దామని కలం తీసి మానేశాను. మేం ఎంత నమ్మామో కూడా నువ్వు చూడాలి.

మొన్న శుక్రవారం ఘస్సాన్ అమ్మమ్మని చూడ్డానికి వెళ్ళాడు. మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడట. వాడు వెళ్ళగానే అమ్మ నన్ను పిలిపించింది. తలుపు వెయ్యమంది. వేశాను.

ఫారెస్‌ని ఇంటికి మోసుకొచ్చిన సాయంత్రం, స్నానం చేయించకముందే, దవాఖానా డాక్టరు వచ్చాడట. మమ్మల్నందరినీ అప్పటికే పిన్ని వాళ్ళింటికి పంపించేశారు కదా, నాకు తెలియదు. ఆయన ఫారెస్ కళ్ళు చూశాడు, మోకాళ్ళు చూశాడు, నాన్న ఎలా పోయాడని అడిగాడు. ఇది గుండె అమ్మా, మీ రక్తంలోనే ఉంది, మిగతా పిల్లల్ని దారులు తెరవగానే పట్నం తీసుకెళ్ళి చూపించు అని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయనే బాంబు దాడిలో పోయాడు. ఇక ఈ మాట తెలిసింది ప్రపంచంలో అమ్మ ఒక్కదానికే.

ఎందుకు అని మాత్రం అడగగలిగాను. అమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"ముగ్గురు ఆడపిల్లలు. నీకు ఇరవై. మగదిక్కు లేదు. రక్తం చెడ్డదని తెలిస్తే మన గడప ఎవడు తొక్కుతాడే? జనం ఎలా పోయాడు, ఎలా పోయాడని ఒకటే అడగడం. ఏదో ఒకటి చెప్పాలి. ఎదురుగా అది నిలబడి ఏడుస్తోంది. నోట్లోంచి వచ్చేసింది."

తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"తర్వాత నీ పెళ్ళి. తర్వాత హింద్ పెళ్ళి. ముంతహాకి జహ్లేలో మేనత్త ఉందిగా, ఎక్కడో ఒకచోట బతుకుతుందిలే అనుకున్నాను."

అంటే నా పెళ్ళి నీ పరువు పెట్టి కొన్నది. నా ఇల్లు, నా కొడుకు కూడా. ఆ కొడుకునే పట్నం తీసుకెళ్ళి చూపించమని ఆ డాక్టరు ముప్ఫై ఏళ్ళ కిందట చెప్పాడు. నేను లేచి వచ్చేశాను. అమ్మని చూసి భయపడటం నాకదే మొదటిసారి.

నిన్నంతా ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఇవాళ పూజ అయ్యాక జనం లేవబోతుంటే, ముందు వరసలోంచి అమ్మ కర్ర తాటించి నిలబడింది. మా పాదిరి అబూనా బూలుస్‌తో ముందే చెప్పుకున్నట్టుంది, ఆయన పక్కకి తప్పుకున్నాడు. అమ్మ మా అందరివైపు తిరిగింది.

"రొట్టెల సలీమ్ కూతురు ముంతహా నా కొడుకుని చంపలేదు. వాడు మా రక్తం వల్ల పోయాడు. ఆ సాయంత్రమే నాకు తెలుసు. తెలిసే ఆ పిల్ల మీద వేశాను. మీరంతా నా మాట నమ్మారు" అంది.

ఆ రోజు మీ కిటికీల మీద రాళ్ళు వేసినవాళ్ళు, ఇప్పుడు ముసలివాళ్ళు, అక్కడే కూర్చుని ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అమ్మ చెప్పాల్సింది అయిపోయింది, తిరిగి కూర్చోవాలి. మోకాళ్ళు వంగలేదు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బెంచీ పట్టుకుని నిలువునా వణుకుతూ అలాగే ఉండిపోయింది. ఒక్కరు కూడా లేచి చెయ్యందించలేదు.

నేను ఆమెకి బారెడు దూరంలోనే కూర్చున్నాను, ముంతహా. నేనూ అందించలేదు.